నలభై ఎనిమిది జానల తువ్వాల

సోలాపూర్ దాజీ పేట్‌లో సాయిలు ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరూ ఇంటి నంబరు చెప్పరు. "ఏ సాయిలు? పొడుగు తువ్వాల సాయిలా?" అని ఎదురు ప్రశ్న వేసి, నవ్వి, అప్పుడు దారి చూపిస్తారు.

ఆ తువ్వాల సంగతి నేను ముగ్గురి నోట విన్నాను. సాయిలు చెప్పినప్పుడు తప్పంతా మగ్గానిది. అతని భార్య యశోద చెప్పినప్పుడు తప్పంతా సాయిలుది. పక్కింటి బాలమణి చెప్పినప్పుడు తప్పెవరిదో తేలదు గానీ, మంచి పని జరిగిన చోటల్లా బాలమణి ఉంటుంది. మూడూ కలిపి నాకు నమ్మబుద్ధయినంత మటుకు రాస్తున్నాను.

సాయిలుకు యాభై మూడేళ్లు. సాంచలనే కరెంటు మగ్గాలు నడిచే కార్ఖానాలో తువ్వాళ్లు నేస్తాడు. ఆరు సాంచలు ఒకేసారి దడదడలాడుతుంటే, ఏ సాంచలో పోగు తెగిందో చెవితోనే పట్టేస్తాడు. ఇంట్లో మాత్రం మూడుసార్లు పిలిచినా వినపడదు. యశోద ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతుంది. ఒక్కతే కూతురు పూజ. కాలేజీలో కామర్స్ చదువుతోంది. ఇంట్లో లెక్కలేవీ తనను అడగరని ఆ పిల్లకు కోపం.

మూడేళ్ల కింద సాయిలుకు వ్యాపారం చేయాలనిపించింది. పెళ్లిళ్లకూ పండుగలకూ అద్దెకిచ్చే సౌండు బాక్సులు రెండు, పాతవి, బేరానికి వచ్చాయి. యశోద అన్న పెంటప్పకు రెండు సందుల అవతల, ఇంటి ముందు గదిలోనే, కిరాణా దుకాణం ఉంది. అతని దగ్గర నలభై ఎనిమిది వేలు చేబదులు తీసుకొని సాయిలు బాక్సులు ఇంటికి తెచ్చాడు. మొదటి గిరాకీ ఒక బారసాల. పాట మొదలైన నాలుగో నిమిషంలో ఒక బాక్సులోంచి పొగ వచ్చింది, రెండో దాంట్లోంచి ఎలుక వచ్చింది. అద్దె ఇవ్వకపోగా ఎలుకను పట్టుకొని పొమ్మన్నారు. వ్యాపారం అంతటితో సరి. ఇప్పుడు ఒక బాక్సులో బియ్యం పోస్తున్నారు, రెండో దాని మీద మిక్సీ పెట్టారు.

పెంటప్ప సొంత చెల్లెలి మొగుడని వడ్డీ అడగలేదు. వడ్డీకి బదులు మాటలనేవాడు.

నిరుడు రాఖీ పున్నమినాడు పెంటప్ప ఇంట్లో చుట్టాలంతా భోజనానికి కూర్చున్నారు. సాయిలు రెండో లడ్డూకు చెయ్యి చాపాడు. పెంటప్ప పళ్లెం అతని ముందుకు జరుపుతూ అన్నాడు:

"మెల్లగ తిను బావా. అప్పు తీరేదాంక నువ్వు బతకాలె గద."

అందరూ నవ్వారు. సాయిలు కూడా నవ్వాడు, లడ్డూ కూడా తిన్నాడు. యశోద మాత్రం విస్తరి ముందు నుంచి లేచింది. చెయ్యి కడుక్కొని చెప్పులేసుకుంటూ అన్నది:

"అన్నా, నీ పైస ఆఖరి రూపాయి దాంక కట్టినంకనే నీ కడప దొక్కుత. మల్ల రాఖీకి కట్టకపోతే, నా రాఖీ కూడ లేదు నీకు."

ఆ ఇద్దరూ తల్లీ తండ్రీ లేని అన్నాచెల్లెళ్లు. తోబుట్టువులంటూ ఒకరికొకరు తప్ప ఇంకెవరూ లేరు. పెంటప్ప అది వేళాకోళమని చెప్పబోయేలోగా ఆమె సందు మలుపు తిరిగేసింది. సాయిలు చేతిలో మూడో లడ్డూతో వెనకాల పరుగెత్తాడు.

సాయిలుకు అప్పు తీర్చాలని మనసులో ఉంది. కాళ్లే రావు. మొదటి రెండు వారాలు కార్ఖానాలో ఓటీ చేసి వారానికో వెయ్యి కట్టాడు. మూడో వారం ఓటీకి వెళ్లకుండా నిద్రపోయాడు. ఎందుకని నేను అడిగితే చెప్పాడు:

"పైసలు కట్టొచ్చి కూసుంటే ఏమున్నది? చేతుల ఏం లేదు, ఇంట్ల ఏం లేదు. కూర గొంటే కూర కనబడ్తది. అప్పు కడితే ఏం కనబడ్తది సారూ? పని జేసినట్టే అనిపియ్యది."

ముందు గదిలో అతని తండ్రి నాటి గుంట మగ్గం ఉంది. చాలా ఏళ్లుగా దాని మీద తడి బట్టలు ఆరేస్తున్నారు, గుంటలో యశోద తునికాకు మూటలు పెడుతోంది. ఒక ఆదివారం సాయిలు ఆ మూటలన్నీ తీసి బయటేశాడు. కార్ఖానాలో మిగిలిన నూలు తూకానికి కొనుక్కొచ్చాడు. తువ్వాల వెడల్పున పన్నెండు గజాల పడుగు, అంటే నిలువు పోగులు, మగ్గానికి ఎక్కించి, భార్యనూ కూతురినీ నిలబెట్టి నియమం చెప్పాడు. వెయ్యి కడితే జానెడు పట్టీ నేస్తాడు. ఒక్కో వెయ్యికి ఒక్కో రంగు. గజానికి నాలుగు జానలు, పన్నెండు గజాలకు నలభై ఎనిమిది. అంతకుముందు కట్టిన రెండు వేలకు రెండు పట్టీలు ఆ రోజే నేస్తాడు. పడుగు అయిపోయిన రోజు అప్పు అయిపోయినట్టు.

"రాసిపెడ్తనా బాపు?" అని పూజ పెన్ను తీసింది.

"మగ్గమే రాస్తది, నువ్వు సప్పుడు జెయ్యకు," అన్నాడు సాయిలు.

ఆ రోజు నుంచి మనిషి మారిపోయాడు. శనివారం పగారు చేతికి రాగానే ముందు పెంటప్ప దుకాణానికి నడిచేవాడు. అక్కడి నుంచి పెళ్లికొడుకు లాగా ఇంటికి వచ్చి, స్నానం చేసి, మగ్గం గుంటలో కాళ్లు పెట్టేవాడు. పోగు మోసే నాడె అటూ ఇటూ పరుగెడుతుంటే ముఖంలో సగం వయసు తగ్గేది. ఓటీ దొరకని వారం ఫోర్‌మన్ వెంటపడి బతిమాలేవాడు. "సాయిలూ, నీకేమన్న దెయ్యం పట్టిందా?" అని ఫోర్‌మన్ అడిగితే, "పట్టీ పట్టింది సేఠ్," అన్నాడట. ఒక్కో వారం రెండు వేలు, ఒక్కో వారం సున్నా. ఎన్ని వారాలైందో, ఎంత కట్టాడో అతను లెక్క పెట్టలేదు. మగ్గం రాస్తోంది కదా.

సందులో వాళ్లకు కూడా అది పిచ్చి అయిపోయింది. శనివారం సాయంత్రం కిటికీ దగ్గర గుంపు చేరేది. ఈ వారం చిలకపచ్చనా, వంకాయ రంగా అని పందాలు. బాలమణి అయితే రంగుల మీద తీర్పులిచ్చేది.

"వెయ్యి రూపాలకు గీ బూడిద రంగేంది సాయిలన్నా? రెండు వందలు కట్టినట్టున్నది."

"జొరమొచ్చిన వారం గద బాలమణీ. గందుకే గట్ల."

ఒకసారి బుధవారమే సాయిలుకు చేతులు దురద పెట్టాయి. శనివారం కట్టబోయే వెయ్యికి పట్టీ ముందే నేసేశాడు. పొద్దున లేచిన యశోద అది చూసింది.

"ఇదేంది?"

"అడ్వాన్స్."

"అప్పు తీర్చుతందుకు పెట్టిన మగ్గం మీద మల్ల అప్పా? విప్పు!"

జానెడు పట్టీ పోగు పోగుగా విప్పించింది. విప్పుతున్నంతసేపూ సాయిలు ముఖం చూడలేకపోయామని సందంతా ఇప్పటికీ చెప్పుకుంటుంది.

పెంటప్ప కూడా వచ్చేవాడు. లోపలికి రాడు, చెల్లెలు పిలవలేదు కదా. కిటికీ బయట నిలబడి, "నా పైసలు ఏ రంగున్నయో సూద్దామని అచ్చిన," అనేవాడు. యశోద బీడీల చాటతో సహా గోడ వైపు తిరిగి కూర్చునేది.

"పూజా, మీ మామకు చెప్పు, పసుపు రంగున్నయని."

"పూజా, మీ అమ్మను అడుగు, చాయ్ తాగిందా అని."

"పూజా, మీ మామకు చెప్పు, పోయి దుకాణం సూసుకొమ్మని."

మధ్యలో పూజ ఎవరికీ ఏమీ చెప్పేది కాదు. ఇద్దరికీ చెవులు బాగానే ఉన్నాయి.

ఈ ఏడు రాఖీకి ఇంకా నెల రోజులుందనగా, ఒక శనివారం సాయిలు నాడె వేస్తూ వేస్తూ ఆగిపోయాడు. అడ్డపోగులు బిగించే పన్నె ముందుకు జరగనంటోంది. తలెత్తి చూస్తే మగ్గం అవతలి కర్రకు పడుగు లేదు. అయిపోయింది.

"యశోదా! అయిపోయింది! అప్పు అయిపోయింది! నెల ముందుగాల్నే!"

సందు సందంతా వచ్చింది. మగ్గానికి కొబ్బరికాయ కొట్టారు. బాలమణి ఏడ్చింది. కిలో పేడాలు కొని, అందరూ గుంపుగా పెంటప్ప దుకాణానికి బయలుదేరారు. యశోద పట్టుచీర కట్టుకుంది. కడప దాకా వచ్చి, లెక్క తేలాక అడుగు పెడదామని రోడ్డు మీదే నిలబడింది.

సాయిలు పేడాల డబ్బా బల్ల మీద పెట్టాడు.

"నోరు తీపి చెయ్యి బావా. నీ బాకీ ఖతం."

పెంటప్ప ఒక పేడా నోట్లో వేసుకొని పుస్తకం తీశాడు. వేలు పెట్టి కిందికీ మీదికీ చూశాడు. "నలభై ఒక్క వేలు అచ్చినయి. ఇంకా ఏడు వేలున్నది."

"ఎట్లుంటది? పడుగు అయిపోయింది గద!"

"పడుగు అయిపోతే అప్పు అయిపోతదా బావా? గట్లయితే నా దుకాన్ల చక్కెర అయిపోయిన రోజు నాకు షుగర్ బీమారి పోవాలె."

"మగ్గం అబద్ధం చెప్తదా?"

"మరి నా పుస్తకం చెప్తదా?"

గొడవ పెరిగింది. ఆఖరికి బట్టే తీర్పు చెప్పాలన్నారు. తిరిగి అందరూ సాయిలు ఇంటికి వచ్చి, మగ్గం మీద చుట్టుకున్న తువ్వాలను, కొస మగ్గానికే ఉంచి, గుమ్మంలోంచి సందు పొడుగునా పరిచారు. మనుషులు అటొకరు ఇటొకరు నిలబడి పట్టీలు లెక్కపెట్టారు. వేరే రంగు నూలు దొరక్క ఒకే రంగు రెండు పక్కపక్కన పడిన చోట ఒకటేనని ఒకరు, రెండని ఒకరు. బాలమణికి నలభై రెండు, పెంటప్పకు నలభై ఒకటి, సాయిలుకు మొదటిసారి ముప్పై తొమ్మిది వచ్చాయి. ఆటో ఒకటి వచ్చి హారన్ కొడితే, "ఆగు, అప్పు లెక్కవెడుతున్నం," అని ఆపారు. ఆటోవాడు కూడా దిగి లెక్కపెట్టాడు. పూజ ఫోనులో ఫోటో తీసి, గోరుతో పెద్దది చేసి, నలభై ఒకటి అని తేల్చింది.

యశోద ముందుకొచ్చి బట్ట కొస పట్టి చూసింది. ఆమె తండ్రిది కూడా మగ్గమే. చిన్నప్పుడు ఆమె నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టింది.

"ఏమయ్యా, పడుగెంత ఎక్కిచ్చినవు?"

"పన్నెండు గజాలు. నలభై ఎనిమిది జానలు. బరాబర్."

"మరి మిగులు?"

సాయిలు నెత్తి కొట్టుకున్నాడు.

నేతగాళ్ల ఇళ్లలో పిల్లలకు కూడా తెలిసిన సంగతి అది. అడ్డంగా నేసే పేక పోగు కిందా మీదా దూరేకొద్దీ పడుగు ముడుచుకుంటుంది. ఆఖరున పన్నె వెనక ఉన్న మూరెడు నేయడానికి అందనే అందదు. అందుకే ఏ నేతగాడైనా కావలసిన దానికంటే ఎక్కువ పడుగు పోస్తాడు. కార్ఖానాలో పడుగు కొలిచేది వేరేవాళ్లు, సాంచకు ఎక్కించేది వేరేవాళ్లు. ముప్పై ఏళ్లు తయారుగా వచ్చిన పడుగు మీద నేసీ నేసీ సాయిలు మిగులు అనే మాటే మరిచిపోయాడు.

పెంటప్ప నవ్వీ నవ్వీ అరుగు మీద కూలబడ్డాడు. పేడా గొంతుకు అడ్డం పడితే బాలమణి వీపు మీద నాలుగు గుద్దింది, అవసరమైనదానికంటే రెండు ఎక్కువే. యశోద లోపలికి వెళ్లి పట్టుచీర మార్చుకొని బీడీల ముందు కూర్చుంది.

సాయిలు మంచమెక్కాడు. కార్ఖానాకు వెళ్లి వచ్చేవాడు గానీ ఓటీ లేదు. మగ్గం వైపు చూడడు. "ఏడు వేలకు పడుగు లేదు. ఇగ నేనేం జూసి కట్టాలె?" ఇదే మాట. అలా పది రోజులు గడిచాయి.

పదకొండో రోజు పెంటప్ప కబురు పంపాడు. ఆ ఏడు వేలూ మాఫ్ చేస్తాడట, చెల్లెలు వచ్చి రాఖీ కడితే చాలట. సాయిలు మంచం మీద లేచి కూర్చున్నాడు.

"సూసినవా! మా బావ దిల్ ఉన్నోడు!"

యశోద కబురు తెచ్చిన బాలమణితోనే జవాబు పంపింది. "మాఫ్ జేయించుకొని రాఖీ కడితే నేను చెల్లెనా, గిరాకీనా? వద్దని చెప్పు."

సాయిలు మళ్లీ పడుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే యశోద నాలుగు గజాల పడుగు పోయించుకొని తెచ్చింది. ఈసారి మిగులుతో సహా. కొత్త పడుగును మగ్గంలో ఉండిపోయిన పాత పడుగు చివరలకు అతకాలి. పాత పోగు కొస, కొత్త పోగు కొస కలిపి, వేళ్లకు బూడిద అద్దుకొని పురి తిప్పాలి. ఆరు వందల పోగులు. బాలమణినీ, మరో ఇద్దరు బీడీలు చుట్టే ఆడవాళ్లనూ పిలిచింది. రోజుకు వెయ్యి బీడీల కొసలు మలిచే వేళ్లు అవి. నలుగురూ మగ్గం చుట్టూ కూర్చొని బీడీలు చుట్టినంత వేగంగా పోగులు అతకడం మొదలుపెట్టారు. మంచం మీది మనిషి నిద్రపోతున్నాడని తెలిసినట్టే మాట్లాడుకున్నారు, నిద్రపోవడం లేదని తెలిసినట్టే గట్టిగా.

"సాయిలన్న లేస్తడంటవా?"

"లేస్తే మనకేం పని? నేనే నేస్త," అంది యశోద.

సాయంత్రానికి అతుకు పూర్తయింది. యశోద తన బీడీల డబ్బులోంచి వెయ్యి పూజ చేతికిచ్చి పెంటప్పకు కట్టించింది. తర్వాత చీర దోపుకొని గుంటలో దిగింది. కండెలు చుట్టింది గానీ ఆమె ఎన్నడూ నేసిన మనిషి కాదు. నాడె ఒకసారి నేల మీద పడింది, ఒకసారి బాలమణి ఒళ్లో పడింది. అంచు ఒకచోట లోపలికి పోయింది, ఒకచోట బయటికి వచ్చింది. సాయిలు దుప్పట్లోంచి ఒక కన్నుతో చూశాడు. నాలుగు వేళ్ల మేర నేసేదాకా ఓర్చుకున్నాడు.

"లే! లే! అరే బాబా, గా అంచు సూడు! తువ్వాలా, దాల్చినచెక్కా?"

"నీకెందుకయ్యా? పండుకో."

"నా తువ్వాల్ల గిసొంటి పట్టీ ఉండద్దు! లేవంటుంటే!"

ఆమెను లేపి, నేసిందంతా విప్పి, ఆ జానెడు పట్టీ ఎర్రగా, సూటిగా నేశాడు. నేసి, తృప్తిగా నిమిరి, ఇంకో రంగు కండె చేతిలోకి తీసుకున్నాడు. యశోద ఆ కండె లాక్కుంది.

"వెయ్యి కట్టినంకనే పట్టీ. నియమం నువ్వు పెట్టిందే."

సాయిలు గోడ గడియారం చూశాడు. చొక్కా వేసుకొని, రెండో షిఫ్టులో ఎవరైనా రాలేదేమో కనుక్కోవడానికి కార్ఖానాకు పరుగెత్తాడు.

రాఖీకి మిగిలిన ఆ పద్దెనిమిది రోజులూ అతను ఇంట్లో కనిపించింది తక్కువ. యశోద రోజుకు రెండు కట్టలు ఎక్కువ చుట్టింది. మొదట ఇంకో వెయ్యి, తర్వాత రెండు, ఆపై ఇంకో రెండు. రాఖీ ముందురోజు పగారు వచ్చింది. దాంతో ఆఖరి వెయ్యి చేతిలో పడింది.

పున్నమి పొద్దున మార్కండేయ స్వామి ఊరేగింపు డప్పులు దూరంగా వినపడుతుండగా ముగ్గురూ పెంటప్ప ఇంటికి నడిచారు. పెంటప్ప స్నానం చేసి, నెత్తిన టోపీ పెట్టుకొని, అప్పటికే పీట మీద కూర్చొని ఉన్నాడు. ఎప్పటినుంచి కూర్చున్నాడని భార్య పద్మను అడిగితే, "తెల్లారకముందుకెళ్లి," అంది.

యశోద కడప అవతలే ఆగి, డబ్బు పూజతో లోపలికి పంపింది.

"సరే సరే, అచ్చినయి. రా లోపలికి," అన్నాడు పెంటప్ప.

"లెక్కవెట్టు."

"నమ్మకం లేదానే?"

"లెక్కవెట్టు అన్నా!"

పెంటప్ప వేలు తడి చేసుకొని రెండు ఐదు వందల నోట్లను ఎంతో సేపు లెక్కపెట్టాడు. "సరిపోయినయి," అన్నాడు. నోట్లు జేబులో పెట్టుకున్నాడు. యశోద కుడికాలు లోపల పెట్టింది.

బొట్టు పెట్టింది, రాఖీ కట్టింది, హారతి తిప్పింది. చెల్లెలు హారతిచ్చాక అన్న పళ్లెంలో ఏదైనా వేయాలి. ఓవాళ్ని అంటారు ఇక్కడ. పెంటప్ప జేబులో చెయ్యి పెట్టి, ఆ రెండు ఐదు వందల నోట్లే తీసి పళ్లెంలో పెట్టాడు.

సాయిలు పళ్లెం మీదికి వంగి చూశాడు.

"అరే బావా, గిదేం పని? వెయ్యి మల్ల ఇచ్చినవు. ఇప్పుడు అప్పు తీరినట్టా, తీరనట్టా? ఆఖరి పట్టీ ఇంకా నెయ్యలేదు నేను. నెయ్యాల్నా వద్దా?"

"నాకేమెరుక? మగ్గాన్ని అడుగు."

"మజాక్ జెయ్యకు బావా! నేస్తే తప్పయితదేమో, నెయ్యకపోతే నిద్ర పట్టది!"

యశోద నోట్లు మడిచి నడుముకు దోపుకుంది.

"అప్పు నీది, తీరింది. ఓవాళ్ని నాది, అచ్చింది. పోయి నేసుకో, పో."

సాయిలు లడ్డూ కూడా ముట్టకుండా మగ్గం దగ్గరికి పరుగు తీశాడు. డప్పులు దగ్గరికి వచ్చాయి. యశోద అన్నకు ఎదురుగా చాప వేసుకొని కూర్చుంది, చీర కొంగుతో విసురుకుంది, దుకాణం వైపు ఒకసారి చూసింది.

"గా కందిపప్పు ఎంతకు అమ్ముతున్నవు? ఏడాది సంది వేరే దుకాన్ల కొంటున్న. వాడు నీకంటె పది రూపాలు తక్కువకిస్తడు. గా ముందట బోర్డు రంగు ఎవడు ఏసిండు? వదినె ఇట్ల చిక్కిందేంది, తిండి పెడ్తలేవా? ఆ టోపీ తియ్యి ముందుగాల, బ్యాండోని లెక్కున్నవు."

పెంటప్ప టోపీ తీసి పక్కన పెట్టాడు. "ఇంకేమున్నయి, చెప్పు," అన్నాడు. ఊరేగింపు ఆ సందు దాటిపోయేదాకా ఆమె చెబుతూనే ఉంది, అతను పీట మీద నుంచి లేవలేదు.